నిధికి కాపలా ఎవరు?

పద్దెనిమిదవ శతాబ్దం చివరి భాగంలో నెల్లూరు సమీపాన ఒక రైతు రాతిగుట్ట పక్కన పొలం దున్నుతున్నాడు. నాగలికి ఇటుకల కట్టడం ఒకటి అడ్డు తగిలింది. తవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలం బయటపడింది. దాని క్రింద ఒక కుండ, ఆ కుండలో బంగారు నాణేలు!

తెలుగునాట ఈ కథ ఎవరికి చెప్పినా, తరువాత ఏమి జరిగి ఉంటుందో వెంటనే ఊహించుకుంటారు. లంకెబిందెలున్న చోట నాగుపాము ఉండి తీరవలెను. నిధిని ముట్టినవాడు నెత్తురు కక్కుకొని పడిపోవలెను. లేదా మాంత్రికుడొకడు అంజనం వేసి బలి కోరవలెను. కాని ఇక్కడ ఇటువంటిదేదీ జరుగలేదు. రైతు ఆ నాణేలను పాత బంగారం క్రింద అమ్మివేశాడు. చాలా భాగం మూసలో పడి కరిగిపోయినది.

శిథిలము, దాని క్రింద నిధి, నిధికి కాపలా — ఈ మూడింటితోనే 2007లో అమెరికాలో ఒక వీడియో ఆట తయారైనది. దాని పేరు ‘అన్‌చార్టెడ్: డ్రేక్స్ ఫార్చ్యూన్’. నాటి డాగ్ అనే సంస్థ దీనిని ప్లేస్టేషన్ 3 యంత్రం కోసం నిర్మించినది. ఈ ఆట కథలో వచ్చే మలుపులు ఉచితమైనవేనా, చివరలో ప్రవేశించే అతీత శక్తి కథను నిలబెట్టినదా, పడగొట్టినదా అని ఆటగాళ్ళు ఆనాటినుంచి వాదించుకుంటూనే ఉన్నారు. సైన్సు చదువుకునే విద్యార్థికి ఈ వాదం పనికిమాలినది కాదు. ఒక వింతకు ఎటువంటి కారణం చెబితే ఒప్పుకోవచ్చునన్న ప్రశ్నే దీనిలోనూ ఉన్నది.

కథ ఏమిటి?

ఇటువంటి ఆటలలో ఆటగాడు ప్రేక్షకుడుగా కూర్చోడు. కథానాయకుణ్ణి తానే నడిపిస్తాడు, గోడలెక్కిస్తాడు, శత్రువులతో పోరాడిస్తాడు. కనుక కథలో మలుపు వచ్చినప్పుడు అది తనకే జరిగినట్లు తోస్తుంది. వాదం తీవ్రంగా ఉండటానికి ఇది ఒక కారణం.

నాయకుడు నేథన్ డ్రేక్. 1577 నుంచి 1580 వరకు భూప్రదక్షిణం చేసిన ఆంగ్ల నావికుడు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ వంశంవాడినని చెప్పుకుంటాడు. చరిత్ర ప్రకారం ఆ నావికుడు 1596 జనవరిలో పనామా తీరం దగ్గర రక్తవిరేచనాలతో మరణించాడు. శవాన్ని సీసపు పెట్టెలో ఉంచి సముద్రంలో విడిచారు. ఆటలో ఆ పెట్టె దొరుకుతుంది. దానిలో శవం ఉండదు, ఒక దినచర్య పుస్తకం ఉంటుంది. అది పట్టుకొని నాయకుడు, అతని పెద్దతోడు సలివన్, విలేఖరి ఎలెనా ‘ఎల్ డొరాడో’ అనే బంగారు నిధిని వెదుకుతూ బయలుదేరుతారు. దారిలో అడవి మధ్య ఒక జర్మను జలాంతర్గామి, పిమ్మట పసిఫిక్ సముద్రంలో ఒక ద్వీపం, ఆ ద్వీపంలో నీట మునిగిన స్పానిష్ పట్టణం కనిపిస్తాయి. రోమన్, నవారో అనే ప్రతినాయకులు కూడ అదే నిధి కోసం వస్తారు.

ఎల్ డొరాడో పట్టణం కాదు, ఒక పెద్ద బంగారు విగ్రహం. ఇది మొదటి మలుపు. ఆ విగ్రహం ఒక శవపేటిక. లోపలి మమ్మీ నుంచి వచ్చే ధూళి పీల్చినవాడు మనిషితనం పోయి మృగమవుతాడు. ఇది రెండవ మలుపు. పూర్వం స్పెయిన్‌వారు, తరువాత జర్మనులు ఆ విధంగానే నశించారు. నిధి ద్వీపం దాటిపోకుండా ఓడలను నాశనం చేసి, పట్టణాన్ని ముంచినవాడు ఆ పాత డ్రేకే. నిధి కోసం వచ్చినవాడే దానికి కాపలాదారు కావడం మూడవ మలుపు.

మలుపుకు గీటురాయి

మంచి మలుపును గుర్తించడానికి తేలిక పద్ధతి ఒకటున్నది. మలుపు తెలిసిన తరువాత కథను వెనుకకు తిరిగి చూడవలెను. అంతకుముందు అర్థం కాని వివరాలు ఇప్పుడు ఒక వరుసలో కుదురుకుంటే మలుపు న్యాయమైనది. కుదరకపోతే అది రచయిత జేబులోనుంచి తీసిన వస్తువు.

ఈ గీటురాయి మీద మొదటి మలుపు మేలిమిగా నిలుస్తుంది. ‘ఎల్ డొరాడో’ అంటే స్పానిష్ భాషలో ‘బంగారు పూత పూసుకున్నవాడు’ అని అర్థం. నేటి కొలంబియాలోని ముయిస్కా జాతి నాయకుడు ఒంటికి బంగారు పొడి పూసుకొని గ్వాటవీటా సరస్సులో కానుకలు సమర్పించేవాడని స్పెయిన్‌వారు విన్నారు. మనిషి పేరు వారి ఆశలో పట్టణమైనది, ఆపైన రాజ్యమైనది. ఆట ఆ పొరపాటును సరిదిద్ది పేరును మళ్ళీ మనిషి ఆకారానికి తెచ్చినది.

మూడవ మలుపు కూడ నిలుస్తుంది. నీటమునిగిన వీథులు, నావికుల శవాలతో ఉన్న జలాంతర్గామి, ద్వీపంలో ఏదో తన మనుషులను చంపుతున్నదని వణికే సముద్రపు దొంగ — ఇవన్నీ వెనుకకు చూసినప్పుడు సాక్ష్యాలే అవుతాయి.

రెండవ మలుపు దగ్గర ఆటగాళ్ళు రెండు పక్షాలైనారు. కథ మూడువంతులు గడిచేవరకు పటాలు, చరిత్ర, మనుషుల దురాశ తప్ప మరేమీ లేదు. హఠాత్తుగా మృగాలను దించడం ఆటగానికి ఇచ్చిన మాట తప్పడమేనని ఒక పక్షం. నిధివేట కథలలో చివర వింత ఉండటం పాత సంప్రదాయమే, సూచనలు ముందే ఇచ్చారు కదా అని రెండవ పక్షం. సూచనల మాటలో రెండవ పక్షమే సరి. కాని మొదటి పక్షం బాధకు కారణం వేరే ఉన్నది. అది సూచనలలో లేదు, సంజాయిషీలో ఉన్నది.

మంత్రానికి సైన్సు చొక్కా

పాతాళం నుంచి భూతం లేచినదని పేదరాశి పెద్దమ్మ చెబితే ఎవరూ తప్పు పట్టరు. ఆ కథలో భూతానికి కూడ నియమం ఉంటుంది: ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం ఉన్నదంటే, చిలకను చంపితేనే మాంత్రికుడు చావవలెను. మధ్యలో మరొక విధంగా చస్తే పిల్లలే ఒప్పుకోరు. ఈ ఆట అటువంటి కథ చెప్పలేదు. శాపాన్ని శాపంగా ఉంచక ఒక అంటువ్యాధి వంటిదిగా మార్చినది. నవారో దానిని ఆయుధంగా అమ్మజూస్తాడు. అంటువ్యాధి అన్న తరువాత వ్యాధుల నియమాలు వర్తించక తప్పదు.

పిచ్చికుక్క కాటునే తీసుకొనండి. ఆ వ్యాధి కలిగించే వైరస్ నిజంగానే మెదడును చేరి ప్రవర్తనను మార్చుతుంది. కాని అది నరాల వెంట ప్రాకి మెదడు చేరడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. సూక్ష్మజీవి పెరగడానికి కాలం కావలెను, శరీర కణాలు విభజన చెందడానికి కాలంతోపాటు ఆహారశక్తి కావలెను. ఆటలో రోమన్ ధూళి పీల్చిన కొద్ది క్షణాలకే వేరే ప్రాణి అవుతాడు. ఆ వేగం ఏ వ్యాధికీ లేదు. మంత్రం సైన్సు చొక్కా తొడుక్కున్నదన్నమాట.

మమ్మీ ధూళి అనే ఊహకు మూలం ఈజిప్టు కథలలో ఉన్నది. 1922లో హోవార్డ్ కార్టర్ టుటన్‌ఖామెన్ సమాధి కనుగొన్నాడు. దానికి ధనసహాయం చేసిన కార్నార్వన్ ప్రభువు 1923 ఏప్రిల్‌లో మరణించగా పత్రికలు శాపమని గగ్గోలు పెట్టాయి. ఆయన మరణానికి దారితీసినది దోమకాటు పుండై రక్తం విషపూరితం కావడం. సమాధిని అందరికంటె ముందు తెరిచిన కార్టర్ 1939 వరకు జీవించాడు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక పరిశీలనలో, సమాధి తెరిచినప్పుడు అక్కడ ఉన్న పాశ్చాత్యుల ఆయుర్దాయాన్ని, ఆ కాలంలో ఈజిప్టులోనే ఉండి సమాధిలోకి పోనివారి ఆయుర్దాయంతో పోల్చారు. శాపానికి నిదర్శనం కనబడలేదు. శాపాన్ని నమ్మవద్దని ఉపన్యసించడం కంటె ఈ లెక్క గొప్పది. శాపం ఉంటే ఏమి కనబడవలెనో ముందు అడిగి, తరువాత వెదికారు.

వివరణ అంటే ఏమిటో తెలియడానికి మరొక ఉదాహరణ. బంగాళాఖాతం ఒడ్డున కొన్ని రాత్రులలో విరిగే అలలు నీలికాంతితో మెరుస్తాయి. 2019 ఆగస్టులో చెన్నై తీరాన జనం గుంపులుగా పోయి చూశారు. నాక్టిల్యూకా అనే ఏకకణజీవి నీటి కదలికకు స్పందించి, తన శరీరంలోని రసాయనచర్య వల్ల ఈ వెలుగునిస్తుంది. ఈ వివరణ ఒక పరీక్షను కూడ చేతికిస్తున్నది: ఆ నీరు పాత్రలో పట్టి కదిపితే వెలగవలెను, సూక్ష్మదర్శినిలో ఆ జీవి కనబడవలెను. ఆటలోని ధూళి అటువంటి పరీక్షకు దేనికీ నిలబడదు.

తరువాతి భాగాలను చూస్తే నిర్మాతలకు ఈ చిక్కు తెలిసినట్లే తోస్తుంది. 2009లో వచ్చిన రెండవ భాగంలో చింతామణి మాట వస్తుంది. అది చివరకు రత్నం కాక చెట్టు బంకగా తేలుతుంది. 2011 నాటి మూడవ భాగంలో నాయకుడు పాడుబడిన నగరంలో నీరు త్రాగి, అగ్నిరూపులైన జిన్నులను, మిత్రుని మరణాన్ని చూస్తాడు. అంతా కలుషిత జలం కలిగించిన భ్రమ. ఉమ్మెత్త గింజల విషానికి లోనైనవారు లేనివి చూస్తారని తెలుగు పల్లెలలో తెలియనివారుండరు. దానిలోని అట్రోపిన్, స్కోపొలమిన్ అనే పదార్థాలు మెదడు మీద పనిచేయడమే కారణం. కనుక మూడవ భాగం మలుపు మిగిలినవాటికంటె దృఢమైనది. 2016 నాటి నాలుగవ భాగంలో అతీతమైనదేదీ లేదు. అయినా ఉత్కంఠకు లోటు రాలేదు.

నెల్లూరు కుండ చెప్పే తీర్పు

ఇంతవరకు జరిగిన వాదంలో రెండు పక్షాలూ విడిచిన విషయం ఒకటున్నది. దానిని చూపడానికి నెల్లూరు కుండ దగ్గరకే తిరిగి పోవలెను.

రైతు అమ్మిన నాణేల సంగతి ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరాకు తెలిసినది. ఆయన ముప్ఫైకి పైగా నాణేలను కరగకుండా కాపాడాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి వ్రాసిన లేఖ, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండవ సంపుటంలో అచ్చయినది. అవి రోము చక్రవర్తులైన ట్రాజన్, హేడ్రియన్‌ల నాణేలు, రాణి ఫౌస్టీనా నాణేలు, అనగా క్రీ. శ. రెండవ శతాబ్దానివి. కొన్ని నిన్ననే అచ్చు వేసినట్లు మెరుస్తున్నవి. కొన్నిటికి రంధ్రాలున్నవి, బహుశా ఆభరణాలుగా ధరించారేమో.

పెన్న సముద్రంలో కలిసే ఈ తీరానికి రోము బంగారం ఎట్లా వచ్చినది? ఋతుపవనాలను ఆసరా చేసుకొని ఆ కాలపు ఓడలు అరేబియా సముద్రం దాటి వచ్చేవి. మిరియాలు, వస్త్రాలు, రత్నాలు కొని బంగారం ఇచ్చేవారు. ఏటా అయిదుకోట్ల సెస్టెర్సుల ధనం ఇండియాకు పోతున్నదని మొదటి శతాబ్దంలోనే ప్లినీ వాపోయాడు. తూర్పుతీరంలో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలు ఆ వర్తకానికి సాక్ష్యం చూపాయి. నెల్లూరు కుండ ఆ వరుసలోనిదే. ఏ చింతామణి కథకూ ఈ మలుపు తీసిపోదు.

అయితే పోయినదేమిటి? కుండలో ఎన్ని నాణేలున్నవో తెలియదు. అన్నిటిలోకి కొత్త నాణెం ఏదో తెలిస్తే, ఆ సంవత్సరానికి ముందు కుండను పాతిపెట్టి ఉండరని నిశ్చయంగా చెప్పవచ్చును. ఆ నాణెం మూసలో పోయి ఉండవచ్చు. కుండ ఆకారం, ఇటుక కొలత, గుడికి కుండకు మధ్య ఎంత మట్టి ఉన్నది — ఏదీ మిగలలేదు. బంగారం తూకం పోలేదు, చరిత్ర పోయినది. నిధికి నిజమైన శాపం ఏదైనా ఉంటే ఇదే.

ఈ దృష్టితో ఆటను చూస్తే దాని అసలు లోపం మృగాలు కావని తెలుస్తుంది. నాయకుడు వందల ఏండ్ల కట్టడాల మీద ఎక్కి వాటిని విరగ్గొడతాడు. ఎక్కడ ఏది ఉన్నదో కొలిచి వ్రాయడు. చివరకు విగ్రహం సముద్రం పాలవుతుంది; మిత్రులు పెట్టెలకొద్ది బంగారంతో పడవలో ఇంటికి పోతారు. ఆట దీనిని జయమంటుంది. ప్రమాదకరమైన విగ్రహాన్ని ముంచడం న్యాయమే. కాని మిగిలిన నష్టం ఆ కథకు నష్టంగా కనబడనే లేదు.

ఇది ఆటతో పోయే మాట కూడ కాదు. తెలుగు ప్రాంతాలలో గుప్తనిధుల పేరుతో పాడుబడిన గుడులను, కోటలను రాత్రివేళ తవ్వి పాడుచేసిన వార్తలు తరచు వస్తూనే ఉన్నవి. మాంత్రికుని మాట విని ఆస్తి పోగొట్టుకున్న కుటుంబాలూ ఉన్నవి. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయవలెనని 1878లోనే చట్టం చేశారు. చట్టం కంటె ముందు కావలసినది, మట్టిలోని వస్తువు విలువ దాని స్థానంలో ఉన్నదన్న తెలివి.

కనుక తీర్పు ఇది. అన్‌చార్టెడ్ కథ చక్కని బిగువు గలది. దాని మలుపులలో రెండు న్యాయమైనవి. అతీతశక్తి ఉండటం దానికి దోషం కాదు, అతీతశక్తిని వ్యాధి పేరుతో చెల్లించడం దోషం. అంతకంటె పెద్ద దోషం నిధిని బంగారంగానే చూడటం.

ఈ ఆట ఆడిన విద్యార్థులుంటే, ఉపాధ్యాయులు దానిని తరగతిలో మూడు ప్రశ్నలుగా వాడుకోవచ్చును. ఈ మలుపుకు ముందే ఇచ్చిన సాక్ష్యాలేవి? ధూళి మనిషిని మార్చినదన్నది నిజమైతే ఇంకేమేమి కనబడవలెను? విగ్రహం ఉన్న గదిలోకి ముందుగా పురాతత్త్వవేత్త పోయి ఉంటే ఏమేమి వ్రాసుకొనేవాడు? మూడవ ప్రశ్నకు ఎక్కువ జవాబులు చెప్పిన పిల్లవానికి, రేపు ఎక్కడైనా నాగలికి ఇటుక తగిలితే ముందు ఏమి చేయవలెనో తెలిసి ఉంటుంది.