అన్ని వరసలూ చూసే తనిఖీ

ఒకే డేటాను పంచుకుంటూ ఒకేసారి నడిచే ప్రోగ్రాములలో ప్రతిదీ విడిగా సరైనదే కావచ్చు. తప్పంతా వాటి అడుగులు కలిసే వరసలో దాగి ఉంటుంది. పదేసి అడుగులున్న రెండు ప్రాసెస్‌లు కలిసి నడవడానికి 1,84,756 వరసలున్నాయి. అలాంటిదే మూడోది చేరితే లెక్క 5 లక్షల కోట్లు దాటిపోతుంది. లక్షసార్లు నడిపి చూసినా చెడ్డ వరస తగలకపోవచ్చు. ఒకసారి తగిలినా, మళ్లీ నడిపితే కనిపించకపోవచ్చు.

1966లో హైమన్ అనే ఆయన ఒక చిన్న ఆల్గారిథమ్ ప్రచురించారు. రెండు ప్రాసెస్‌లు ఒకే చోటికి ఒకేసారి ప్రవేశించకుండా చూడటం దాని పని. ప్రవేశించదలచినది ముందు తన జెండా ఎత్తాలి. వంతు తనది కాకపోతే, ఎదుటి జెండా దిగి ఉందని చూసుకుని వంతును తన పేర మార్చుకోవాలి. ఇప్పుడు వంతు మొదటిదానిది అనుకుందాం. దాని జెండా దిగి ఉందని రెండోది చూస్తుంది. వంతు మార్చేలోపే మొదటిది జెండా ఎత్తి, వంతు తనదే కనుక నేరుగా ప్రవేశిస్తుంది. రెండోది ఆగిన చోటి నుంచి కొనసాగి, వంతు మార్చుకుని తానూ ప్రవేశిస్తుంది! ప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ అదే ఏడాది ఈ తప్పును బయటపెట్టారు. కొద్ది వరుసల కోడ్‌కే అంతటివారి కన్ను కావలసి వస్తే, వేల వరుసల కోడ్‌ను కంటిచూపుకి వదలడం కుదిరేది కాదు.

ఈ వెతుకులాటను యంత్రానికి అప్పగించే పద్ధతే మోడల్ చెకింగ్. ముందుగా ప్రోగ్రాముకి గణిత నమూనా రాస్తారు. ఒక క్షణంలో ఏ ప్రాసెస్ ఎక్కడుంది, ఏ వేరియబుల్ విలువ ఎంత అన్నది ఒక స్థితి. ఒక్కో అడుగూ ఒక స్థితి నుంచి మరో స్థితికి దారి. ఆ తర్వాత కోరే ధర్మాలను తర్కంలో చెప్పాలి: ఇద్దరూ ఎన్నడూ కలిసి ప్రవేశించరాదు, అడిగినవారికి ఎప్పటికైనా వంతు రావాలి. కాలంతో ముడిపడిన ఇలాంటి మాటలకు టెంపొరల్ లాజిక్ సరిపోతుందని 1977లో అమీర్ ప్నుయెలి చూపించారు. స్థితులన్నిటినీ యంత్రమే గాలించే మార్గాన్ని 1980ల మొదట్లో అమెరికాలో ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, ఫ్రాన్స్‌లో జోసెఫ్ సిఫాకిస్ బృందం విడివిడిగా కనుగొన్నారు. ఆ ముగ్గురికీ 2007 ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ధర్మం తప్పితే చెకర్ ఊరికే 'తప్పు' అని ఊరుకోదు, అక్కడికి చేర్చిన అడుగులన్నీ వరసగా రాసి ఇస్తుంది. ఇంజనీర్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. అమెజాన్ వారు డైనమోడీబీ డేటాబేస్ డిజైన్‌ను లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ అనే భాషలో రాసి చూసినప్పుడు దొరికిన ఒక లోపానికి అతి చిన్న దారే 35 అడుగులు.

స్థితుల సంఖ్య పేలిపోవడం ఈ పద్ధతికి తీరని తలనొప్పి. ఒకదానితో ఒకటి సంబంధం లేని అడుగుల వరస మారినా ఫలితం మారదు కనుక, వాటిలో ఒక్క వరసనే చూసి మిగతావి వదిలేయడం ఒక ఉపాయం. బెల్ ల్యాబ్స్‌లో జెరార్డ్ హోల్జ్‌మన్ తయారుచేసిన స్పిన్ అనే చెకర్ అలాగే చేస్తుంది.

ఆ స్పిన్‌తోనే 1997లో నాసా ఏమ్స్ పరిశోధకులు డీప్ స్పేస్ 1 నౌకను నడపబోయే రిమోట్ ఏజెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగానికి నమూనా రాసి, 5 లోపాలు పట్టుకున్నారు. 1999 మేలో ఆ సాఫ్ట్‌వేర్ అంతరిక్షంలో డెడ్‌లాక్‌లో, అంటే ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఏదీ కదలని స్థితిలో, చిక్కుకుంది. షరతును పరిశీలించడానికీ, నిరీక్షణలోకి వెళ్లడానికీ మధ్య వచ్చిన సంకేతం జారిపోయింది. ముందు దొరికిన లోపాల్లో ఒకటి సరిగ్గా ఈ జాతిదే. కానీ ఈసారి అది నమూనా రాయని భాగంలో ఉంది. ఏమ్స్‌లోనే పుట్టిన జావా పాత్‌ఫైండర్ అనే చెకర్ మొదట్లో జావా ప్రోగ్రాములను స్పిన్ భాషలోకి మార్చి ఇచ్చేది. తర్వాత చేత్తో రాసిన నమూనా అక్కర్లేకుండా బైట్‌కోడ్‌నే నేరుగా తనిఖీ చేసేలా దాన్ని మార్చారు.