అప్పా అంటే పలికేదెవరు?

మా మేనకోడలు కొరియా సీరియల్ చూస్తూ ఫక్కున నవ్వింది. "మావయ్యా, ఆ పిల్ల బట్టతలాయన్ని పట్టుకుని అప్పా అంటాదేటి?"

దాని అనుమానం న్యాయమైనదే. మాది విజయనగరం వైపు. మాకు అప్ప అంటే అక్క. దాని తల్లిని నేను ఊహ తెలిసినప్పటి నుంచీ అప్పా అనే పిలుస్తున్నాను. కొరియా వాళ్లకేమో అప్ప అంటే నాన్న.

మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నాకున్న వ్యసనం. పాత నోటుబుక్కు తీశాను. తమిళులకూ కన్నడిగులకూ అప్ప తండ్రి. హంగరీలో 'అపా' తండ్రి, అరమాయిక్‌లో 'అబ్బా' తండ్రి. కిర్గిజ్ వాళ్లకు 'అపా' తల్లి. హైదరాబాదు పాతబస్తీ ఇళ్లలో 'ఆపా' అక్క. ఉర్దూలోకి ఆ మాట తుర్కీ భాషల నుంచి వచ్చింది. అంటే మా అప్ప, పాతబస్తీ ఆపా అర్థంలో కవలలు, పుట్టుకలో పరాయివాళ్లు. అంతెందుకు, అక్కని అప్ప అనే మా నేలమీదే దేవుడు సింహాద్రి అప్పన్న, కవి గురజాడ అప్పారావు.

ఇలాంటి జాబితా చేతికొస్తే మనసు ఊరుకోదు, చుట్టరికం కలిపేస్తుంది. సియోల్‌లో ఉన్న అమెరికా మిషనరీ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియా భాషనీ ద్రావిడ భాషల్నీ పోలుస్తూ ఏకంగా వ్యాకరణమే అచ్చు వేయించాడు. భాషావేత్తలు ఇవాళ ఆ బంధుత్వాన్ని ఒప్పుకోరు. కుర్రతనంలో నేనూ అలాంటి వ్యాసమొకటి రాసి మా తెలుగు మాస్టారికి చూపించాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి అడిగారు.

"పాలని కన్నడంలో ఏమంటారు?"

"హాలు."

"పులిని?"

"హులి."

"పువ్వుని?"

"హూవు."

"అదీ చుట్టరికమంటే. తేడాకి కూడా ఒక వరస ఉండాలి. అచ్చుగుద్దినట్టు ఉన్నారని దారిన పోయేవాళ్లని దాయాదులంటామా?"

ఆ వ్యాసం మళ్లీ బయటికి తియ్యలేదు.

మరి దారిన పోయేవాళ్లంతా ఒకేలా ఎందుకున్నారు? మానవశాస్త్రవేత్త జార్జ్ పీటర్ మర్డాక్ లోకంలోని భాషల నుంచి అమ్మానాన్నల్ని పిలిచే మాటలు 1,072 పోగేశాడు. వాటి ఆధారంగా భాషావేత్త రోమన్ యాకొబ్‌సన్ 1960లో వెలువడిన వ్యాసంలో గుట్టు విప్పాడు. అమ్మను పిలిచే మాటల్లో 55 శాతం 'మ', 'న' లాంటి ముక్కు ధ్వనులున్నవే. నాన్నను పిలిచేవాటిలో అలాంటివి 15 శాతమే. నోటినిండా పాలు తాగే పసిబిడ్డ ముక్కుతోనే కదా మూలగాలి! ఆ మూలుగే ఆకలికి గుర్తయి, తర్వాత అమ్మకి పేరైందని ఆయన వాదన. పెదాలు మూసి తెరిస్తే చాలు, 'ప', 'బ' పుడతాయి. ఏ దేశపు పాపకైనా తొలి సరుకు ఇంతే.

పాప ఇచ్చేది చప్పుడు మాత్రమే. అర్థం ఇచ్చేది ఇల్లు. అందుకే జార్జియాలో 'మామా' అంటే తండ్రి. మనకి ఆ మాట వింటే మేనమామో, పిల్లనిచ్చిన మామో గుర్తొస్తాడు.

ఇదంతా మేనకోడలికి విడమరిచి చెప్పాను. సగం విని, "అయితే కొరియా వాళ్లు మన చుట్టాలు కారన్నమాట" అని తేల్చేసి సౌండు పెంచింది. తెరమీద పిల్ల గొంతెత్తి "అప్పా!" అని అరిచింది.

వంటింట్లోంచి మా అప్ప పలికింది. "ఏట్రా?"