బొమ్మకు చోటు వదిలిన మాట

తెనాలి నుంచి అమృతలూరు పోయే దారిలో కాలవలూ, వరిమళ్లూ, వరి కోతలయ్యాక పచ్చగా పరుచుకునే మినప చేలూ తప్ప కొండ అన్నది కంటికి ఆనదు. అడవి మాట సరేసరి. ఆ నేలమీద పుట్టిన మనిషే తెలుగు పిల్లలకు లోయలూ, కీకారణ్యాలూ, పాడుబడ్డ గుళ్లూ పాతికేళ్లకు పైగా నెలనెలా చూపించారు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో తెనాలి తాలూకా పెదగాదెలవర్రులో పుట్టి, ఇరవయ్యేళ్ల వయసులో మద్రాసులోని చందమామ పిల్లల పత్రిక ఆఫీసులో చేరారు. 1954లో మొదలైన 'తోకచుక్క' తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం ఆయన కలం నుంచి ఒకదాని వెనక ఒకటిగా వచ్చాయి. అచ్చులో మాత్రం ఆయన పేరు ఉండేది కాదు. ఇంటిల్లిపాదీ ఆ సీరియళ్లు చదివేవారు, రాసిందెవరో ఎరగరు.

చందమామకు తెనాలి పుట్టిల్లు లాంటిది. పత్రిక మద్రాసులో 1947 జులైలో పుట్టింది, నిజమే. కానీ దాన్ని బి. నాగిరెడ్డితో కలిసి నెలకొల్పిన చక్రపాణిది తెనాలి దగ్గరి ఐతానగరం. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్‌బాబు నవలల్ని తెనిగించిన మనిషి. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా చందమామను రాతలో, దిద్దుబాటులో మోసిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలిలోనే పుట్టారు. పాతాళభైరవి, మాయాబజార్ సినిమాలను తీసిన జంట కూడా నాగిరెడ్డి, చక్రపాణులే. కథ ఎంత వింతగా ఉన్నా మాట పక్కింటివాళ్లు మాట్లాడుకున్నంత సహజంగా ఉండాలన్న పట్టుదల ఆ సినిమాల్లో కనిపిస్తుంది, ఈ పత్రికలోనూ కనిపిస్తుంది.

పిల్లల పుస్తకంలో మాటకూ బొమ్మకూ పని ఎలా పంచాలి? ఈ ప్రశ్న మీద జీవితమంతా గడిపినవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వారిలో యూదు రచయితల, చిత్రకారుల వరస పెద్దది. యూదులనగానే మనకు దూరదేశాలు గుర్తొస్తాయి గానీ, తెనాలికి ఎంతో దూరం లేని చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే ఇంటి భాషగా యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. వాళ్లు శనివారం సబ్బాతు ఆచరిస్తారు. కథను తరం నుంచి తరానికి అందించడం ఆ మతంలో ఆచారంలో భాగం. పస్కా పండుగ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చిన్నవాడు ప్రశ్నలడగాలి, పెద్దలు ఐగుప్తు నుంచి బయటపడ్డ కథ చెప్పాలి. ప్రశ్న లేకుండా ఆ కథ మొదలే కాదు.

అలాంటి ఇంట్లో పుట్టినవారిలో ఊరి షులెవిట్జ్ ఒకరు. ఆయన 1935లో వార్సాలో పుట్టారు. నాలుగేళ్ల వయసులో నగరంమీద బాంబులు పడ్డాయి. ఆ కుటుంబం ప్రాణాలు అరచేత పట్టుకుని సోవియట్ తుర్కిస్తాన్ చేరింది. యుద్ధం ముగిశాక పారిస్, తర్వాత ఇజ్రాయెల్, 1959లో న్యూయార్క్. 1963లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం పేరును తెలుగులో చెప్పుకుంటే 'నా గదిలో చంద్రుడు'. చందమామ చదివినవాళ్ల మనసు ఆ పేరు దగ్గర కాసేపు ఆగుతుంది. 1969లో ఆయన బొమ్మలకు అమెరికాలో పిల్లల పుస్తకాల చిత్రకారులకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది.

తన పనితనం గురించి ఆయన 1985లో ఓ పెద్ద పుస్తకమే రాశారు. అందులో ఆయన గీసిన గీటు చాలా స్పష్టం. కొన్ని పుస్తకాల్లో మాట తనంతట తాను నిండుగా ఉంటుంది. బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. అది బొమ్మలున్న కథ. ఇంకొన్నిటిలో మాట సగమే చెప్పి ఊరుకుంటుంది, తక్కిన సగం బొమ్మదే. బొమ్మ చూడకుండా చదివి వినిపిస్తే కథ కుంటుతుంది. అది బొమ్మల కథ. ఈ రెండో రకానికి రాసేవాడూ గీసేవాడూ ఒకరే అయితే మేలు. వాక్యం ఎక్కడ ఆపాలో గీత గీసే చేతికి తెలుస్తుంది.

ఈ కొలత ప్రకారం చందమామ ఏ వైపు? పైకి చూస్తే మొదటి వైపే. వెలుగు చాలని వసారాలో మనవడు పైకి చదువుతుంటే బొమ్మ చూడలేని నాయనమ్మ కూడా చివరిదాకా కథ విని ఆనందించగలదు. కానీ దాసరి సీరియల్ ఒకటి తీసి నిదానంగా చదివితే వేరే సంగతి బయటపడుతుంది. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అడవిలో నడుస్తున్నారనుకోండి. ఆ అడవి ఎలా ఉందో ఆయన వర్ణిస్తూ కూర్చోరు. ఎవరు ఎవర్ని తరిమారు, ఎవరు చెట్టెక్కారు, ఎవరి చేతి కత్తి జారింది, ఇదే వాక్యాల్లో నడుస్తుంది. చెట్ల ఊడలు, కోటగోడ పగుళ్లు, మాంత్రికుడి మెడలో పుర్రెలు, సైనికుడి తలపాగా చుట్టు, ఇవన్నీ 'చిత్ర'కు వదిలేశారు. చిత్ర అంటే టి.వి. రాఘవన్, ఆ సీరియళ్లకు బొమ్మలు వేసిన తమిళ చిత్రకారుడు. రాసినాయన తెలుగు పల్లెవాడు, గీసినాయన తమిళుడు. ఇద్దరూ పనిని ఎంత కుదురుగా పంచుకున్నారంటే, పాఠకుడికి ఆ అడవి మాటల్లో చదివినట్టే గుర్తుంటుంది. తీరా వెతికితే అది బొమ్మలో ఉంటుంది. షులెవిట్జ్ ఒక తలలో చేసుకున్న పంపకాన్ని చందమామలో ఒక ఆఫీసు చేసింది.

పత్రిక అచ్చు వేసే తీరులోనూ ఈ పొత్తు కనిపిస్తుంది. రెండు కాలమ్‌ల పేజీలో ఎక్కడ చూసినా బొమ్మ తగులుతుంది. ఆ పేజీలో జరిగే సంగతే ఆ పేజీ బొమ్మ. ఇంకా అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు ముందు బొమ్మ చూసి, అందులో ఏం జరుగుతోందో ఊహించుకుని, తన ఊహ సరైనదో కాదో తెలుసుకోవడానికి చదువుతాడు. చదువు మీద ఆశ పుట్టించడానికి ఇంతకన్నా నెమ్మదైన మార్గం కనిపించదు. సీరియల్ భాగం ఎప్పుడూ ఆపద అంచున ఆగుతుంది. వచ్చేనెల భాగం పైన జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉంటుంది. పోయిననెల పుస్తకం దొరకని పిల్లవాడిని కూడా కథలోకి రానిచ్చే ఏర్పాటు అది.

చందమామలోని బేతాళ కథల పద్ధతి వేరు. అక్కడ మొదలు మారదు, చివర మారదు, బొమ్మ కూడా మారదు. భుజాన శవంతో, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీశారు. శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాట పుట్టి, 2020లో పోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. నెలనెలా అదే రాజు, అదే చెట్టు ఉండడం వల్ల పిల్లవాడికి తానెక్కడున్నాడో తెలిసిపోతుంది, ఇక కొత్త కథ మీదే మనసు పెడతాడు. సంస్కృత మూలంలో ఇరవై అయిదే కథలు. అవి అయిపోయినా చందమామ ఆ చట్రంలో దశాబ్దాల పాటు కొత్త కథలు బిగించింది. ప్రతి కథ చివరా ఒక చిక్కు ప్రశ్న, దానికి హేతువుతో జవాబు. దయ్యం కథలో తర్కం నేర్పడం హేతువాది కుటుంబరావుకు ఇష్టమైన పనే అయి ఉండాలి.

ఇంత చెప్పాక ఒక లోటూ చెప్పాలి. చందమామ కథ 'ఒక ఊళ్లో' మొదలవుతుంది, ఆ ఊరికి చాలాసార్లు పేరుండదు. అందువల్లే అది ఎన్నో భాషల్లో ఇట్టే ఒదిగింది. డెల్టా పిల్లవాడి లాకులూ, పంటకాలవలూ, గడ్డివాములూ మాత్రం ఆ బొమ్మల్లోకి అంతగా రాలేదు.

చిన్ననాట తాను బతికిన చోటును బొమ్మల్లోకి తెచ్చే ఆ పనిని షులెవిట్జ్ చేశారు. 2008లో, డెబ్బై దాటాక, తన పసితనపు ఆకలిని పుస్తకం చేశారు. తుర్కిస్తాన్‌లో ఒకరోజు తండ్రి రొట్టె కోసం బజారుకు వెళ్లాడు. చేతిలో డబ్బుకు చిన్న ముక్క మాత్రమే వస్తుంది. ఆయన ఓ ప్రపంచపటం కొనుక్కొచ్చాడు. ఆ రాత్రి పస్తు. పిల్లవాడికి కడుపు మండింది. మర్నాడు తండ్రి దాన్ని గోడకు అతికించాడు. మట్టిగోడ గది రంగులతో నిండింది. పిల్లవాడు ఆ పటంలోని ఊళ్ల పేర్లు మంత్రంలా లయకట్టి పాడుకున్నాడు, పటంలోకి దిగి దేశాలన్నీ తిరిగాడు.

దాసరి సీరియళ్లు ఆయన 2010లో పోయాక పేరుతో సహా పుస్తకాలుగా వచ్చాయి. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. రాస్తూ, తానే బొమ్మ గీసుకునే మనిషి ఈ డెల్టాలో ఎక్కడో ఒక బడిలో ఇప్పుడు చదువుకుంటూ ఉండొచ్చు. ఆ పిల్ల బడికి పోయే దారిలో బోర్డుల మీద మోపర్రు, గోవాడ, ఇంటూరు, తురుమెళ్ల, యలవర్రు, పెదపూడి అని ఉంటుంది. లయకట్టి పాడుకోవడానికి ఆ పేర్లు బాగుంటాయి.