కొట్టిన ఖీమా, కాల్చిన రొట్టె

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఇళ్లలో రాత్రి భోజనానికి వండే ఖీమా, అనగా ఎముక లేని మాంసాన్ని సన్నగా కొట్టి చేసే కూర, సులువైన వంటగా కనిపించినప్పటికీ అందులో అబ్బురపడదగిన పనితనం ఉంది. కసాయి మొద్దు మీద కత్తితో కొట్టిన ఖీమాలో కొవ్వు అక్కడక్కడ నిలిచి, ఉడికిన తరువాత కూడా పలుకు తెలుస్తుంది. యంత్రంలో మెత్తగా ఆడించినది త్వరగా ముద్దకడుతుంది. కూర వండేవారి నేర్పంతా నీటిని కనిపెట్టడంలో ఉంది: ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి వేగిన పిమ్మట వేసిన మాంసం తన నీటిని తానే వదులుతుంది కనుక, అది ఇగిరి నూనె పైకి తేలేవరకు గరిటెతో ఉండలు చిదుపుతూ వేయించి, ఆ తరువాతనే టమోటా వేయాలి. టమోటా మార్కెట్టుకు పేరుపొందిన మదనపల్లెలో ఆ పులుపుకు కొదవ లేదు. ఈ ఖీమాకు తోడు రొట్టె. తుర్కియేలో లహ్మజున్ అనే వంటకానికి పల్చని రొట్టెపై పచ్చి ఖీమాను పూతగా పరచి రెంటినీ కలిపి కాలుస్తారు. ఇక్కడ కూర వేరుగా వండుతారు, రొట్టె వేరుగా పెనమెక్కుతుంది. ఆ రొట్టె మెత్తదనం పిండిని తడిపి అరగంట నాననివ్వడం వల్ల వస్తుంది. రాగి రొట్టెకైతే మరిగే నీటితో పిండి కలిపి, తడిగుడ్డ మీద చేత్తో తట్టి, అంచు విరగకుండా పెనం మీదికి మార్చాలి. ఈ వంటలో నిజంగా కష్టమైన ఘట్టం ఇదే. ఇంత చేసినా శ్రమ గంటకు మించదు, అరకిలో ఖీమాతో నలుగురు తృప్తిగా భోంచేయవచ్చు.