నలభై కోట్ల ఆవు: వార్తలో లేని శాస్త్రం

బ్రెజిల్ దేశంలో మన ఒంగోలు ఆవు 40 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినదని 2025లో తెలుగు పత్రికలు గొప్పగా ప్రకటించినవి. కనిగిరి ప్రాంతపు విద్యార్థులు ఆ వార్తను గర్వంతోనే చదివి ఉంటారు. గర్వపడుటలో తప్పు లేదు. అయితే ఆ అంకె ఎట్లు వచ్చినదో, ఆ ధర దేనికి కట్టినదో చెప్పకపోవుట వార్తలోని పెద్ద లోపం.

ఆ ఆవు పేరు వియాటినా-19. బరువు సుమారు 1,100 కిలోలు. 2023లో వేలంలో అమ్మినది ఆవును కాదు, దానిపై హక్కులో మూడవ వంతును. ధర సుమారు 70 లక్షల రియాలులు. దానిని మూడుతో గుణించి, రూపాయలలోనికి మార్చితే కోట్లు వచ్చినవి. గుణించుట వేరు, అమ్ముట వేరు!

ఇక అది ఒంగోలు ఆవేనా? బ్రెజిల్‌లో ఆ జాతిని నెలోర్ అంటారు. దాని పూర్వులు 19వ శతాబ్దంలోను, తిరిగి 1960ల మొదట్లోను మన తీరం నుండి ఓడలెక్కినవే. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతో ఒక ఆబోతు అక్కడ నేటికీ ప్రసిద్ధం. కాని అక్కడివారు తరతరాలుగా మాంసం కొరకు ఎన్నిక చేసినారు. మనవారు అరకకు, బండికి చేసినారు. మూలం ఒకటైనా రెండు పశువులు ఒకటి కావు.

అసలు విషయం ధరలో ఉన్నది. ఆవు తొమ్మిదిన్నర నెలలు మోసి ఈనుతుంది. ఏడాదికి ఒక దూడ కంటె ఎక్కువ ఆశించలేము. అండాశయంలో మాత్రం వేలకొలది అండాలుంటాయి. ఒక ఆవు పిండాన్ని మరొక ఆవులో ఉంచగా తొలి దూడ 1951లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టినది. అందుకు పశువు పొట్ట కోయవలసి వచ్చినది. తరువాత కోత లేకుండ గొట్టంతో గర్భాశయాన్ని కడిగి పిండాలు తీయుట అలవడినది. 1980ల చివర నెదర్లాండ్స్‌లో అల్ట్రాసౌండ్ యంత్రంతో అండాశయాన్ని చూస్తూ, యోనిమార్గం ద్వారా సూదితో అండాలనే లాగు పద్ధతి ఏర్పడినది. కోత లేదు గనుక అదే ఆవు నుండి మరల మరల తీయవచ్చును. ప్రయోగశాలలో వాటిని వీర్యంతో కలిపి, వారం రోజులు పెంచి, వేరొక ఆవు గర్భాశయంలో ఉంచుతారు. వియాటినా పూర్తి పేరులోని ‘ఎఫ్.ఐ.వి.’ అక్షరాలు ఈ పద్ధతికి పోర్చుగీసు గుర్తు. అనగా అదీ ఇట్లు పుట్టినదే. కొన్నవారు పాలను కాదు, అండాలను కొన్నారు.

పత్రికలు చెప్పని నష్టాలూ ఉన్నవి. తీసిన అండాలలో చాలావరకు పిండాలు కావు. 10 పిండాలు ఉంచితే మూడు, నాలుగు చూడి నిలిచినా మేలే. ప్రతి పిండానికి మోసే ఆవు కావలెను. అది వేళకు ఎదకు రావలెను, కడుపునిండ మేయవలెను. వేసవిలో గడ్డి కొని తెచ్చుకొను మెట్ట రైతుకు మొదటి అడ్డంకి ఇక్కడనే. కొద్ది ఆవుల సంతానాన్నే పెంచుకొంటూ పోతే రక్తసంబంధం దగ్గరై మంద బలహీనపడు ప్రమాదం కూడ కలదు.

గుంటూరు వద్ద లాం, మన చదలవాడ పశుక్షేత్రాలు ఒంగోలు జాతిని కాపాడుచున్నవి. ఈ పద్ధతి మనకు పనికిరాదని నా వాదం కాదు. అది ఎన్నిక చేసినదానిని పెంచుతుంది, ఎన్నిక చేయదు. బ్రెజిల్‌లో దశాబ్దాలుగా బరువులు, వంశాలు వ్రాసి ఉంచినారు. మన పల్లెలలో మంచి కోడె అనగా నేటికీ బండలాగుడు పోటీలో నెగ్గినదే. దాని పెయ్యలు పెరిగి ఎన్ని లీటర్ల పాలిస్తాయో, ఎంత ఎండకు తాళుతాయో ఆ పోటీ చెప్పదు.