నిజామియా నక్షత్ర పట్టికలు: రెండు తేదీల విలువ

తేదీ చెప్పని నక్షత్ర స్థానము, సంవత్సరము చెప్పని జనాభా లెక్క వంటిది. హైదరాబాదులోని నిజామియా వేధశాల 1917 మొదలు సంపుటములుగా వెలువరించిన నక్షత్ర పట్టికలను ఈ దృష్టితోనే పరిశీలింపవలెను. 1887లో పారిసున సంకల్పించిన అంతర్జాతీయ ఆకాశ చిత్రణలో దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల మండలమును ఈ వేధశాల ఛాయాచిత్రములు తీసి కొలిచినది.

మే మొదటి వారమున రాత్రి 10 గంటల ప్రాంతమున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో దక్షిణమునకు తిరిగి చూచినచో, హస్తా నక్షత్రము సుమారు 56 అంశల ఎత్తున కనబడును. అందలి మిక్కిలి ప్రకాశవంతమైన తార యొక్క దక్షిణ క్రాంతి 1900 లెక్కలో 16 అంశల 59 కలలు. 2000 లెక్కలో 17 అంశల 33 కలలు. ఈ తేడా చంద్రబింబపు వెడల్పు కంటె ఎక్కువ. అయినను తార కదలినది అత్యల్పము. భూమి అక్షము బొంగరమువలె మెల్లగా దిశ మార్చుకొనుటచే మన కొలబద్దయే కదలినది.

అందుచేతనే పట్టికలకు 1900.0 అను ఒక్క తేదీని ఆధారముగా గ్రహించిరి. సూర్యుని మధ్యమ రేఖాంశము 280 అంశలైన క్షణమున మొదలగు ఆ సంవత్సరము సుమారు 365.2422 దినములు. నేటి ఆధారము 2000.0. అది 2000 జనవరి 1 మధ్యాహ్నము. దాని లెక్కకు వాడు సంవత్సరము సరిగా 365.25 దినములు. మొదటి సంవత్సరపు పొడవు స్వల్పముగా మారుచుండును, రెండవది మారదు.

ఈ పట్టికల లోపము స్పష్టమే. ఫలకముపై కొలిచిన అడ్డు, నిలువు దూరములను అట్లే అచ్చువేసి, విషువాంశ, క్రాంతులుగా మార్చు శ్రమను చదువరికి వదలిరి. అందుచే అవి చిరకాలము అంతగా వినియోగమునకు రాలేదు.

గుణము అంతకంటె గొప్పది. 1900.0 కొలబద్ద తేదీ మాత్రమే. ఛాయాచిత్రములు తీసినది 1914 తరువాత. ప్రతి ఫలకమునకు ఆ అసలు తేదీని కూడ భద్రపరచిరి. కొలబద్ద కదలికను గణితముచే తీసివేయవచ్చును. తార నిజముగా ఎంత కదలినదో తెలియుటకు మాత్రము దానిని చూచిన తేదీ కావలెను. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, 25 లక్షల తారల స్వీయ చలనములను నిర్ణయించుటలో, ఉపగ్రహపు కొలతలతోపాటు ఈ పాత ఫలకముల కొలతలను కూడ ఉపయోగించుకొన్నది.

తరగతిలో నక్షత్ర పటము గీయించు ఉపాధ్యాయులు దాని మూలన ఆధార సంవత్సరమును కూడ వ్రాయించుట మంచిది.