వక్త బాధ్యత: జాహిజ్, ఇబ్నుల్ జౌజీల గ్రంథాలపై ఒక పరిశీలన

ఒకసారి తూర్పు దిశ నుండి ఇద్దరు మనుషులు మదీనాకు వచ్చి ప్రసంగించారు. వారి మాట నేర్పుకు జనం ముగ్ధులయ్యారు. అప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స), కొన్ని ప్రసంగాలలో ఇంద్రజాలం వంటి శక్తి ఉంటుందని సెలవిచ్చారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలోనూ, ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి మువత్తాలోనూ ఉంది. ఇది ప్రశంసా, హెచ్చరికా అన్న విషయంలో విద్వాంసులు ఏకాభిప్రాయానికి రాలేదు. సత్యాన్ని నేర్పుగా చెప్పేవానికి ఇది మెప్పు అని కొందరన్నారు. ఇమామ్ మాలిక్ దీనిని అవాంఛనీయమైన మాటలను గురించిన అధ్యాయంలో చేర్చారు గనుక, ఆయన దృష్టిలో ఇది మందలింపేనని మరికొందరన్నారు. ఇంద్రజాలం లేనిదాన్ని ఉన్నట్లు చూపగలదు. మాటకూ ఆ శక్తి ఉంది.

ఈ రెండు అభిప్రాయాలకు ప్రతినిధులుగా అరబ్బీ సాహిత్యంలో రెండు గ్రంథాలను చెప్పుకోవచ్చు. మొదటిది బస్రా నగరవాసి జాహిజ్ (మరణం క్రీ.శ. 868, హి. 255) రచించిన 'అల్ బయాన్ వత్తబ్‌యీన్'. రెండవది బాగ్దాదు ఉపదేశకుడు ఇబ్నుల్ జౌజీ (మరణం క్రీ.శ. 1201, హి. 597) రచించిన 'కితాబుల్ ఖుస్సాస్ వల్ ముజక్కిరీన్', అనగా కథకులను, ఉపదేశకులను గురించిన గ్రంథం. ఇబ్నుల్ జౌజీ పేరు తెలుగునాట చదువరులకు కొత్తది కాదు. ఆయన చరిత్ర గ్రంథం 'అల్ ముంతజమ్'ను హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థయే ముద్రించింది. జాహిజ్ మాటలోని సౌందర్యాన్ని చూశాడు, ఇబ్నుల్ జౌజీ అందులోని ప్రమాదాన్ని చూశాడు. ఏ ఒక్కరిని చదివి ఊరుకున్నా వక్తృత్వం సగమే అర్థమవుతుంది.

'బయాన్' అనే పదాన్ని తెలుగులో సాధారణంగా 'వాగ్ధాటి' అని అనువదిస్తుంటారు. ఈ అనువాదం సరికాదు. ధాటి మాట్లాడేవానిది. బయాన్ అంటే విశదం కావడం. అది జరిగేది వినేవాని మనస్సులో. మానవునికి బయాన్ నేర్పినవాడు దేవుడేనని దివ్యఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా తెలుపుతున్నది. జాహిజ్ కూడా ఈ పదాన్ని ఈ అర్థంలోనే గ్రహించాడు. మనస్సులో మరుగుపడి ఉన్న భావాన్ని వెలికి తెచ్చి ఎదుటివానికి అందించేదంతా ఆయన దృష్టిలో బయానే. అందుకే మాటతోపాటు సైగను, వేళ్లతో లెక్కించడాన్ని, వ్రాతను, నోరులేని వస్తువుల స్థితిని సైతం భావప్రకటన సాధనాలుగా పేర్కొన్నాడు. చెప్పేవాడు ఎంత గొప్పగా చెప్పాడన్నది కాక, వినేవానికి ఏమి అందిందన్నదే ఆయన కొలమానం.

ఈ కొలమానానికి ఆయన చూపిన ఉదాహరణలు చక్కనివి. ఇబ్నుస్సమ్మాక్ అనే ప్రసిద్ధ ఉపదేశకుడు ఒకనాడు ప్రసంగం ముగించి, ఎలా ఉందని తన పరిచారికను అడిగాడు. బాగుంది గాని చెప్పిందే చెబుతున్నారని ఆమె అన్నది. అర్థం కానివారి కోసం మళ్లీ చెబుతున్నానని ఆయన సమాధానమిచ్చాడు. అర్థం కానివారికి అర్థమయ్యేలోగా అర్థమైనవారు విసిగిపోతున్నారని ఆమె బదులు చెప్పింది. ఉపన్యాస కళపై పెద్ద గ్రంథాలు చెప్పే సూత్రాన్ని ఆ పరిచారిక ఒక్క ముక్కలో తేల్చివేసింది.

అలాగే బిష్ర్ బిన్ ముఅతమిర్ యువకులకు వ్రాసి ఇచ్చిన సూచనల పత్రాన్ని కూడా జాహిజ్ భద్రపరిచాడు. మనస్సు తేటగా ఉన్న వేళనే రచనకు కూర్చోవాలనీ, మాటలను బలవంతంగా లాక్కురాకూడదనీ, భావాన్ని శ్రోతల స్థాయికి, సందర్భానికి తూచి చెప్పాలనీ అందులో ఉంది. ఎంత ప్రయత్నించినా ఈ విద్య పట్టుబడనివాడు దీన్ని వదిలి, తనకు తగిన మరో వృత్తిని చూసుకోవాలని కూడా బిష్ర్ నిర్మొహమాటంగా చెప్పాడు. వేదిక ఎక్కే ప్రతివాడూ చదువదగిన సలహా ఇది.

ముఅతజిలా శాఖకు మూలపురుషుడైన వాసిల్ బిన్ అతా (మరణం క్రీ.శ. 748) వృత్తాంతం మరింత ఆసక్తికరం. ఆయనకు 'ర' అక్షరం పలకదు. అందుచేత ఆ అక్షరం లేని మాటలను ఏరుకుని మాట్లాడేవాడు. గోధుమలకు 'బుర్ర్' అనే మాటలో ఆ అక్షరం ఉన్నది గనుక 'ఖమ్హ్' అనేవాడు. ఇరాఖ్ పాలకుని సమక్షంలో ఒక పూర్తి ప్రసంగాన్నే 'ర' లేకుండా నడిపాడు. దీన్ని కేవలం గారడీగా కొట్టివేయడానికి వీలులేదు. తన లోపం శ్రోతకు అడ్డు రాకూడదని వక్త పడిన శ్రమ ఇది.

అయితే జాహిజ్ గ్రంథానికి రెండు లోపాలున్నాయి. క్రమం లేకపోవడం మొదటిది. ఒక విషయం నుండి మరొకదానికి, కవిత నుండి కథకు దూకుతూ పోతాడు. చదువరి దారి తప్పుతాడు. రెండవ లోపం ఇంతకంటె పెద్దది. ఆయన ప్రసంగాలను సేకరించాడే గాని, ఆ ప్రసంగాలు ఏమి చేశాయన్న ప్రశ్నను చాలాచోట్ల వేయలేదు. ఇందుకు జియాద్ ప్రసంగమే నిదర్శనం.

క్రీ.శ. 665లో (హి. 45) జియాద్ బస్రాకు పాలకుడుగా వచ్చి చేసిన ప్రసంగం అరబ్బీ సాహిత్యంలో ప్రఖ్యాతమైంది. దైవస్తుతితో ఆరంభం కాలేదు గనుక దానికి 'బత్రా' (మొండి ప్రసంగం) అని పేరు వచ్చింది. మాటల పొందికలో దానికి సాటివచ్చేవి తక్కువే. కాని అందులోని విషయమేమిటి? అల్లర్లు అణచడానికి ఒకని నేరానికి మరొకని పట్టుకుంటాననీ, దోషితోపాటు నిర్దోషినీ వదలననీ బెదిరించడం! ప్రసంగం ముగియగానే ముగ్గురు మాట్లాడారు. మొదటివాడు జియాద్‌కు దైవం వివేకాన్ని, నిర్ణయాత్మకమైన వాక్కును ప్రసాదించిందని పొగిడాడు. అవి దావూద్ ప్రవక్తకు దక్కిన వరాలని జియాదే అతన్ని కసిరాడు. రెండవవాడు అహ్నఫ్ బిన్ ఖైస్. మెచ్చుకోవడం అనుభవం తర్వాతి మాట, పరీక్షించి చూడనిదే పొగడబోమని ఆయన అన్నాడు. మూడవవాడు అబూ బిలాల్ మిర్దాస్. అతడు మెల్లని గొంతుతో లేచి, ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న ఖుర్ఆన్ సూత్రాన్ని గుర్తు చేసి, దేవుడు చెప్పింది నీవు చెప్పినదానికి భిన్నంగా ఉన్నదన్నాడు.

ఒకే ప్రసంగానికి ఇవి మూడు ప్రతిస్పందనలు: ఒకటి ముఖస్తుతి, ఒకటి నిదానం, ఒకటి నిలదీత. జాహిజ్ మూడింటినీ వ్రాసిపెట్టాడు, వ్యాఖ్యానించకుండా ముందుకు సాగిపోయాడు. ఆ తర్వాత శతాబ్దాల తరబడి విద్యార్థులు జియాద్ వాక్యాలను కంఠస్థం చేశారు. వాగ్ధాటి జియాద్‌ది, సందేహం లేదు. బయాన్ మాత్రం, ఆ పదానికి జాహిజ్ స్వయంగా ఇచ్చిన అర్థంలో, మిర్దాస్‌ది. సత్యం విశదమైంది ఆ మెల్లని గొంతులోనే.

ఇబ్నుల్ జౌజీ గ్రంథం సరిగ్గా ఈ వెలితి దగ్గర మొదలవుతుంది. ఆయన బయటనుండి విమర్శించినవాడు కాడు. తన కాలంలో బాగ్దాదులో ఆయనకు మించిన ఉపదేశకుడు లేడు. క్రీ.శ. 1184లో ఆ నగరానికి వచ్చిన అందలూసియా యాత్రికుడు ఇబ్ను జుబైర్ ఆయన సభలకు వెళ్లి, జనం విలపించడాన్ని, పశ్చాత్తాపంతో ఆయనవైపు తోసుకురావడాన్ని కళ్లారా చూసి వర్ణించాడు. అటువంటివాడు తన వృత్తిలోని మోసాలను తానే బయటపెట్టడం సాహసం. ముఖం పాలిపోయి భక్తునిలా కనబడేందుకు పూతలు పూసుకునేవారు, కన్నీళ్లు రప్పించే పదార్థాలు దగ్గర పెట్టుకునేవారు, డబ్బు కోసం కట్టుకథలను హదీసులుగా చలామణి చేసేవారు ఆ గ్రంథంలో కనిపిస్తారు. వాసిల్ కూడా దాచినవాడే, వీరూ దాచినవారే. అతడు శ్రోత కోసం దాచాడు, వీరు శ్రోత నుండి దాచారు. వక్తృత్వంలో నేర్పుకూ మోసానికీ మధ్య ఉన్న గీత ఇదే.

ఇంత చెప్పినా ఉపదేశ వృత్తినే రద్దు చేయాలని ఆయన అనలేదు. పండితుని చుట్టూ కొద్దిమందే చేరుతారు, ఉపదేశకుని మాట వేలమందికి అందుతుంది. కనుకనే అతనికి హదీసు విద్య, చరిత్ర, భాష తెలిసి ఉండాలని, జనం సొమ్ముపై ఆశ ఉండకూడదని ఆయన నిర్దేశించాడు.

కాని ఆయన గ్రంథాన్నీ కళ్లు మూసుకుని స్వీకరించనక్కరలేదు. అందులోని ప్రసిద్ధ కథ ఒకటుంది. రుసాఫా మసీదులో ఒక కథకుడు అహ్మద్ బిన్ హంబల్, యహ్యా బిన్ మయీన్ చెప్పారంటూ ఒక కల్పిత హదీసును వినిపించాడట. ఆ ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు. ఆ మాట తామెన్నడూ చెప్పలేదని యహ్యా అతన్ని పిలిచి అడిగితే, లోకంలో ఆ పేర్లు గలవారు మీరిద్దరే ఉన్నారా, పదిహేడుగురు అహ్మద్ బిన్ హంబల్‌ల నుండి నేను హదీసులు వ్రాసుకున్నానని అతడు ఎదురు తిరిగాడట. ఉపన్యాసకులు ఈ కథను నేటికీ ఉత్సాహంగా చెబుతారు. అయితే హదీసు విమర్శకుడు జహబీ (మరణం క్రీ.శ. 1348) దీన్ని ఉల్లేఖించిన వ్యక్తి ఎవరో తెలియదనీ, ఈ కథ అతని కల్పనే కావచ్చుననీ అనుమానించాడు. కల్పనలను ఖండించే కథే కల్పన కావడం కంటె గట్టి హెచ్చరిక మరొకటి లేదు. కల్పిత హదీసులపై బృహద్గ్రంథం రచించిన ఇబ్నుల్ జౌజీయే తన ఉపదేశ గ్రంథాలలో బలహీనమైన ఉల్లేఖనాలను వాడుకున్నాడని తర్వాతి విద్వాంసులు తప్పుపట్టారు. కదిలించే మాట చేతిలో ఉన్నప్పుడు, అది నిజమో కాదో విచారించే ఓపిక మహామహులకే కొరవడింది.

ఈ రెండు గ్రంథాలను కలిపి చదివినప్పుడు తేలే సూత్రాలు ఎక్కువేమీ కావు. మొదటిది, శ్రోతకు తగినంతే చెప్పాలి. ప్రసంగాన్ని కుదించి నమాజును దీర్ఘం చేయడం వివేకానికి చిహ్నమని అమ్మార్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది. శ్రోతలు విసుగు చెందుతారేమోనని ఇబ్ను మస్ఊద్ (రజి) గురువారం నాడు మాత్రమే ఉపదేశించేవారు. రెండవది, కదిలించడానికి ముందు నిజం తేల్చుకోవాలి. మూడవది, అహ్నఫ్ వలె నిదానించేవానికీ, మిర్దాస్ వలె లేచి అడిగేవానికీ సభలో చోటుండాలి. నాలుగవది, చెప్పినది చేయాలి. మాటలు కోటలు దాటి కాళ్లు గడప దాటకపోతే, ఆ మాటల అందమే వక్తకు వ్యతిరేక సాక్ష్యమవుతుంది.

ఇందులో రెండవ, మూడవ సూత్రాల అవసరం తెలుగు సభలలో మరీ ఎక్కువ. బాగ్దాదు శ్రోతకు కనీసం అరబ్బీ తెలుసు. ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో రాత్రి సభకు వచ్చిన శ్రోతలలో అత్యధికులకు ఆ భాష రాదు. వక్త రెండు అరబ్బీ వాక్యాలు చదివి హదీసులో ఉందంటే, వారికి అది హదీసే. సరిచూసుకునే సాధనం లేని శ్రోత వక్తను నమ్మి తన విశ్వాసాన్నే అతని చేతిలో పెడుతున్నాడు, అది అమానతు. కాబట్టి తెలుగు వక్త ఏ మాట ఏ గ్రంథంలో ఉన్నదో పేరుతో సహా చెప్పాలి. అది ప్రామాణికమా, బలహీనమా, కేవలం కథా అన్నది శ్రోతకు విడమరచాలి. అలా విడమరిస్తే ప్రసంగం పలుచబడుతుందని భయపడే వక్త, తన బలం సత్యంలో లేదని ఒప్పుకుంటున్నట్లే.

ధ్వనివర్ధకం గొంతును ఊరంతా వినిపించగలదు, మాటకు బరువును మాత్రం ఇవ్వలేదు. బస్రా మసీదులో ఆనాడు జియాద్ కంఠమే పెద్దది. ప్రసంగం బాగుందని ఇంటికి పోయే శ్రోత, చెప్పింది నిజమేనా అని తనను తాను అడిగినప్పుడే అహ్నఫ్ కోరిన పరీక్ష మొదలవుతుంది. ఆ పరీక్షకు ఇష్టపడి నిలిచేవాడే వక్త.